ఆగస్ట్ విల్సన్ జీవితం, నాటకాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆగస్ట్ విల్సన్ ఎవరు?

అమెరికా నాటక రచయిత. 1945 ఏప్రిల్ 27న పెన్సిల్వేనియా రాష్ట్రంలోని పిట్స్‌బర్గ్‌లో పుట్టారు. 2005 అక్టోబర్ 2న, అరవయ్యేళ్లకే, సియాటిల్‌లో కన్నుమూశారు. పులిట్జర్ బహుమతి రెండుసార్లు అందుకున్నారు: 1987లో 'ఫెన్సెస్'కు, 1990లో 'ది పియానో లెసన్'కు. ఇరవయ్యో శతాబ్దంలో నల్లజాతి అమెరికన్ల బతుకు ఎలా నడిచిందో దశాబ్దానికి ఒకటి చొప్పున పది నాటకాల్లో చెప్పారు.

చెత్త లారీ మీద పనిచేసేవాళ్లు, టాక్సీ తోలేవాళ్లు, చిన్న హోటల్లో వడ్డించేవాళ్లు మామూలుగా మాట్లాడుకునే మాటలో ఎంత కవిత్వం ఉంటుందో ఈయన నాటకాలు చదివాకే నాకు తెలిసింది. ఆ మాటను చెవిపెట్టి వినడం ఆయనకూ పుట్టుకతో రాలేదు, నేర్చుకోవడానికి పదేళ్లకు పైనే పట్టింది. కింది జవాబుల్లో చాలావరకు ఆ నేర్చుకోవడం గురించే ఉంటుంది.

ఆయన అసలు పేరు ఇదేనా?

కాదు. పుట్టినప్పుడు పెట్టింది ఫ్రెడరిక్ ఆగస్ట్ కిట్టెల్, తండ్రి పేరే. తండ్రి యూరప్ నుంచి వలస వచ్చిన జర్మన్, బేకరీలో పని. ఇంటిపట్టున ఉన్న రోజులు తక్కువ. ఆరుగురు పిల్లల్నీ పెంచుకొచ్చింది తల్లి డైసీ విల్సన్. 1965లో తండ్రి పోయాక కొడుకు తల్లి ఇంటిపేరు తీసుకున్నారు. తండ్రి తెల్లవాడు కదా అని ఎవరైనా అడిగితే, తాను నేర్చుకున్న సంస్కృతి మొత్తం అమ్మ దగ్గర నేర్చుకున్నదేనని, అది నల్లవాళ్లదని చెప్పేవారు. ఈ విషయంలో ఆయనకు ఎప్పుడూ తడబాటు లేదు.

ఎలాంటి ఇంట్లో పెరిగారు?

పిట్స్‌బర్గ్ హిల్ డిస్ట్రిక్ట్‌లో 1727 బెడ్‌ఫర్డ్ అవెన్యూ. ముందువైపు కిరాణా కొట్టు, వెనక రెండు గదుల వాటా. కుళాయిలో వేడినీళ్లు రావు. డైసీ ఇళ్లల్లో పాచిపని చేసి సంసారం ఈదింది. ఆవిడ తల్లి నార్త్ కరొలైనా నుంచి పెన్సిల్వేనియాకు నడిచి వచ్చిందని ఇంట్లో చెప్పుకునేవారు.

అమ్మ గురించి విల్సన్ పదేపదే చెప్పిన సంగతి ఒకటుంది. రేడియోలో ఒక పోటీ పెట్టారు. అడిగిన ప్రశ్నకు ముందుగా ఫోన్ చేసి సరైన జవాబు చెప్పినవాళ్లకు కొత్త వాషింగ్ మెషిన్. డైసీకి జవాబు తెలుసు. ఇంట్లో ఫోన్ లేదు. కూతురి చేతిలో చిల్లర పెట్టి ఫోన్ చేయడానికి పరిగెత్తించింది, గెలిచింది. ఆరుగురు పిల్లల బట్టలు చేత్తో ఉతికే మనిషికి అది ఎంత పెద్ద విషయమో వేరే చెప్పక్కర్లేదు. తీరా గెలిచింది నల్లామె అని తెలిశాక వాళ్లు మాట మార్చారు. కొత్తది కాదు, దానధర్మాల దుకాణంలో ఒక పాత మెషిన్ ఇప్పిస్తామన్నారు. అయినవాళ్లంతా తీసుకో, ఏదో ఒకటి, పని జరుగుతుంది కదా అన్నారు. ఆవిడ వద్దంది. డబ్బు కూడబెట్టి కొత్తది కొనుక్కునేదాకా బట్టలు చేత్తోనే ఉతికింది.

ఈ సంగతి గుర్తుపెట్టుకుని 'టూ ట్రెయిన్స్ రన్నింగ్' చదవండి. అందులో హ్యామ్‌బోన్ అని మతి సరిగా లేని మనిషి ఒకడుంటాడు. ఒక మాంసం కొట్టు యజమాని కంచెకు రంగు వేస్తే పంది తొడ ఇస్తానని ఆశపెట్టి, పని అయ్యాక కోడి తీసుకోమన్నాడు. హ్యామ్‌బోన్ కోడి ముట్టుకోలేదు. తొమ్మిదిన్నరేళ్లుగా రోజూ పొద్దున్నే ఆ కొట్టు ముందు నిలబడి నాది నాకివ్వమని అడుగుతూనే ఉన్నాడు. ఊళ్లో అందరికీ అతను పిచ్చివాడు. డైసీ విల్సన్ కొడుక్కి మాత్రం కాదు.

హిల్ డిస్ట్రిక్ట్ అంటే ఏమిటి?

పిట్స్‌బర్గ్ నడిబొడ్డును ఆనుకుని గుట్ట మీదున్న పేట. దక్షిణాది పత్తి చేలు వదిలి ఉక్కు మిల్లుల్లో పని కోసం వచ్చిన నల్లజాతి కుటుంబాలు అక్కడ స్థిరపడ్డాయి. యూదులు, ఇటాలియన్లు, సిరియన్లు కూడా ఉండేవారు. వైలీ అవెన్యూ పొడుగునా జాజ్ క్లబ్బులు, మంగలి షాపులు, హోటళ్లు. 1950ల్లో నగర అభివృద్ధి పేరుతో కింది భాగాన్ని పడగొట్టేశారు. 1956లో కూల్చివేత మొదలైంది, దాదాపు 8,000 మంది ఇళ్లు ఖాళీ చేశారు. ఆ చోట పెద్ద అరీనా కట్టారు. విల్సన్ నాటకాల్లో ఇల్లు పోతుందనీ, షాపు పడగొడతారనీ భయపడే మనుషులు ఊరికే రాలేదు.

స్కూలు మధ్యలో ఎందుకు మానేశారు?

మూడు స్కూళ్లు మారారు. మొదటిది పేరున్న కాథలిక్ హైస్కూలు. తన తరగతిలో నల్లపిల్లవాడు ఆయనొక్కడే. పొద్దున వెళ్లేసరికి బల్ల మీద 'మీ ఇంటికి పో' అని చీటీ ఉండేది. రెండోది చేతిపనులు నేర్పే బడి. అక్కడ చెప్పే పాఠాలు ఆయనకు ఎప్పుడో వచ్చినవే.

మూడో బడిలో చరిత్ర కోసం నెపోలియన్ మీద ఇరవై పేజీల వ్యాసం రాసి ఇచ్చారు. మాస్టారు నమ్మలేదు. ఇంత బాగా నువ్వే రాశావా, మీ అక్కలెవరైనా రాసిపెట్టారా అని నిలదీశారు. పదిహేనేళ్ల కుర్రాడు, నా పేరు రాశానుగా, అంతకుమించి రుజువు చేయాల్సిన పని నాకు లేదన్నాడు. మాస్టారు సున్నా చుట్టారు. కుర్రాడు ఆ కాగితాలు చించి చెత్తబుట్టలో పడేసి బయటికి నడిచాడు.

నా మనసును పట్టి కదిపేది ఆ తర్వాత జరిగినది. ఆ మర్నాడు మళ్లీ బడికి వచ్చాడు. తరగతికి వెళ్లలేదు. హెడ్మాస్టరు గది కిటికీ కింద నిలబడి బాస్కెట్‌బాల్ ఆడుతూ ఉన్నాడు. ఎవరైనా కిటికీలోంచి తొంగి చూసి, ఏం నాయనా, క్లాసుకు వెళ్లకుండా ఇక్కడేం చేస్తున్నావని అడుగుతారని ఆశ. ఎవరూ అడగలేదు. ఆ పిల్లవాడు ఇక వెనక్కి వెళ్లలేదు. అది 1960.

మరి చదువు? లైబ్రరీ డిప్లొమా ఇచ్చిందన్నది నిజమేనా?

నిజమే. బడి మానేసిన సంగతి అమ్మకు చెప్పే ధైర్యం లేక, రోజూ బడివేళకు ఇంట్లోంచి బయల్దేరి కార్నెగీ లైబ్రరీకి వెళ్లేవారు. నాలుగేళ్ల వయసుకే చదవడం వచ్చిన మనిషికి అడ్డు చెప్పేవాళ్లు లేని పుస్తకాల గది దొరికింది. నల్లజాతి రచయితల పుస్తకాలు ఒక చిన్న అరలో విడిగా ఉండేవి. ఓ ముప్పై పుస్తకాలు. లాంగ్‌స్టన్ హ్యూస్, రిచర్డ్ రైట్, రాల్ఫ్ ఎలిసన్. నల్లవాళ్లు కూడా పుస్తకాలు రాస్తారని, అవి లైబ్రరీలో ఉంటాయని అప్పుడే తెలిసిందట. తన పేరూ ఆ అరలో ఉండాలని అక్కడే అనుకున్నారు.

చాలా ఏళ్ల తర్వాత ఆ లైబ్రరీయే ఆయనకు హైస్కూల్ డిప్లొమా ఇచ్చి గౌరవించింది. చాలా విశ్వవిద్యాలయాలు కూడా గౌరవ డాక్టరేట్లు ఇచ్చాయి. నన్నడిగితే వాటన్నిటికన్నా ఈ డిప్లొమాదే ఎక్కువ విలువ. చదువు ఎక్కడ దొరికిందో అక్కడి నుంచే వచ్చిన కాగితం అది.

రాయడం ఎప్పుడు మొదలుపెట్టారు?

1965 వసంతంలో, టైప్‌రైటర్ కొన్న రోజున. అక్క ఫ్రీడాకు కాలేజీ వ్యాసం ఒకటి రాసిపెడితే ఆమె ఇచ్చిన 20 డాలర్లతో సెకండ్ హ్యాండ్ మెషిన్ కొన్నారు. అంతకుముందు సైన్యంలో చేరి ఏడాదికే బయటికి వచ్చారు. వంట, గిన్నెలు కడగడం, తోటపని, దొరికిన కూలి పనల్లా చేస్తూ ఒక అద్దె గదిలో ఉండేవారు.

అదే ఏడాది ఇంకొకటి జరిగింది. పాత సామాన్ల దుకాణంలో చవగ్గా వచ్చే గ్రామఫోన్ రికార్డులు తెచ్చుకుని వినే అలవాటు ఆయనకు. ఒకరోజు వాటి మధ్య పేరు తెలియని గాయని రికార్డు దొరికింది. బెస్సీ స్మిత్. ముల్లు పెట్టి విన్నారు. అయిపోగానే మళ్లీ పెట్టారు. వరసగా 22 సార్లు విన్నానని తర్వాత చెప్పుకున్నారు. ఆ అద్దె కొంపలో తన చుట్టూ ఉన్న ముసలివాళ్లను ఆ రోజు నుంచి వేరే కళ్లతో చూడడం మొదలైందట. అంతవరకు ఓడిపోయిన బతుకులుగా కనిపించినవాళ్ల వెనక ఇంత పెద్ద పాట ఉందని అర్థమైంది.

అయినా చెవికి సోకింది చేతికి వెంటనే రాలేదు. ఆ రోజుల్లో ఆయన కవి. ట్వీడ్ కోటు వేసుకుని, వేల్స్ కవి డిలన్ థామస్ యాసలో కవితలు చదివేవారు. హిల్ జనానికి అది వింతగా ఉండేది.

కవి నాటకంలోకి ఎలా వచ్చారు?

1968లో మిత్రుడు రాబ్ పెన్నీతో కలిసి హిల్‌లో బ్లాక్ హొరైజన్స్ థియేటర్ పెట్టారు. నల్లజాతి ఆత్మగౌరవ ఉద్యమం పొంగిపొర్లుతున్న కాలం. దర్శకత్వం విల్సన్ నెత్తిన పడింది. ఎలా చేయాలో తెలియదు. లైబ్రరీకి వెళ్లి దర్శకత్వం మీద పుస్తకం తెచ్చుకుని చదివి, నాటకం ఆడించారు.

సొంతంగా రాయబోతే మాత్రం పాత్రలు మాట్లాడేవి కావు. ఆయన దృష్టిలో అప్పటికి నాటకమంటే గంభీరమైన భాష. హిల్‌లో రోజూ వినే మాటను కాస్త దిద్ది, ఎత్తు పెంచితే గాని సాహిత్యం కాదనుకున్నారు. దాంతో పాత్రలన్నీ కట్టెలు నిలబెట్టినట్టు ఉండేవి. నీ పాత్రల చేత ఎలా మాట్లాడిస్తావని ఒకసారి పెన్నీని అడిగారు. నేను మాట్లాడించను, వాళ్లు మాట్లాడితే వింటాను అన్నారాయన. ఆ జవాబు ఒంటబట్టడానికి చాలా ఏళ్లు పట్టింది.

1978లో మిన్నెసోటా రాష్ట్రంలోని సెయింట్ పాల్‌కు మకాం మార్చారు. అక్కడ నల్లజాతి జనం బహు తక్కువ. సైన్స్ మ్యూజియంలో పిల్లల కోసం చిన్న చిన్న నాటికలు రాసే ఉద్యోగం. చుట్టూ తన మాట వినిపించని ఆ ఊళ్లో హిల్ మనుషుల గొంతులు తలలో వినబడడం మొదలైంది. ఊరు దాటి బతకడానికి వెళ్లినవాళ్లకు ఇది ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. ఇంట్లో ఉన్నన్నాళ్లూ చెవిన పడని అమ్మమ్మ మాట, వేల మైళ్ల అవతల ఒంటరిగా అన్నం తింటున్నప్పుడు ఉన్నదున్నట్టు వినిపిస్తుంది.

1979లో ఒక ఫిష్ అండ్ చిప్స్ హోటల్లో కూర్చుని పది రోజుల్లో 'జిట్నీ' రాశారు. మామూలు టాక్సీలు హిల్‌లోకి రామంటే, అక్కడివాళ్లే లైసెన్సు లేకుండా సొంత కార్లు తిప్పేవారు. ఆ బండ్లకే జిట్నీ అని పేరు. నాటకమంతా వాళ్ల స్టేషన్‌లోనే నడుస్తుంది. నలిగిపోయిన సోఫా, గోడకు ఒక ఫోను, అది మోగినప్పుడల్లా ఎవరి వంతైతే వాళ్లు తీసి కార్ సర్వీస్ అంటారు. ఈసారి ఆయన ఎవరి మాటా దిద్దలేదు.

అంత తేలిగ్గా గుర్తింపు వచ్చిందా?

రాలేదు. కనెటికట్‌లోని యూజీన్ ఓ'నీల్ థియేటర్ సెంటర్ ప్రతి ఏడాదీ కొత్త నాటకాలు ఎంచి, వేసవిలో వాటికి సాన పడుతుంది. అక్కడికి 'జిట్నీ' పంపితే తిప్పి పంపారు. సరిగ్గా చదవలేదేమోనని అదే నాటకం మళ్లీ పంపారు. మళ్లీ తిప్పి పంపారు. అప్పుడు, ఇంకా మెరుగ్గా రాయాలన్నమాట అనుకుని 'మా రెయినీస్ బ్లాక్ బాటమ్' మీద కూర్చున్నారు. 1982లో దాన్ని తీసుకున్నారు.

అక్కడ పరిచయమైన లాయిడ్ రిచర్డ్స్ ఆయన జీవితాన్నే మార్చేశారు. రిచర్డ్స్ 1959లో 'ఎ రెయిజిన్ ఇన్ ది సన్' చేసి, న్యూయార్క్‌లో పెద్ద నాటకశాలలన్నీ ఉండే బ్రాడ్‌వేలో నాటకానికి దర్శకత్వం వహించిన తొలి నల్లజాతి దర్శకుడిగా పేరు పొందినవారు. అప్పటికి యేల్ డ్రామా స్కూల్ డీన్. ఇద్దరూ కలిసి ఒక పద్ధతి పెట్టుకున్నారు. నాటకం ముందు యేల్‌లో ఆడుతుంది, తర్వాత బోస్టన్, షికాగో, సియాటిల్, శాన్ డియేగో లాంటి ఊళ్ల థియేటర్లలో తిరుగుతుంది. ప్రతి ఊళ్లో విల్సన్ కూర్చుని చూస్తారు, కోస్తారు, మళ్లీ రాస్తారు. చివరికి బ్రాడ్‌వే. మొదటి ఆరు బ్రాడ్‌వే నాటకాలకూ రిచర్డ్సే దర్శకుడు.

'మా రెయినీ' 1984 అక్టోబర్‌లో బ్రాడ్‌వే చేరింది. 1927 షికాగోలో, రికార్డింగ్ స్టూడియోలో గాయని కోసం ఎదురుచూసే నలుగురు వాద్యగాళ్ల కథ. జైలు జీవితం నుంచి యేల్ నటన బడికి వచ్చిన చార్ల్స్ డటన్ అందులో ట్రంపెట్ వాయించే లెవీ. విల్సన్‌కు అప్పుడు 39 ఏళ్లు.

పది నాటకాలు ఏవి? వాటిని ఏమంటారు?

కొందరు 'పిట్స్‌బర్గ్ సైకిల్' అంటారు, కొందరు 'సెంచురీ సైకిల్' అంటారు. సైకిల్ అంటే ఇక్కడ ఒకదానితో ఒకటి ముడిపడ్డ నాటకాల వరస. కథాకాలం వరసలో ఇవి: 'జెమ్ ఆఫ్ ది ఓషన్' (1904), 'జో టర్నర్స్ కమ్ అండ్ గాన్' (1911), 'మా రెయినీస్ బ్లాక్ బాటమ్' (1927), 'ది పియానో లెసన్' (1936), 'సెవెన్ గిటార్స్' (1948), 'ఫెన్సెస్' (1957), 'టూ ట్రెయిన్స్ రన్నింగ్' (1969), 'జిట్నీ' (1977), 'కింగ్ హెడ్లీ సెకండ్' (1985), 'రేడియో గోల్ఫ్' (1997). 'మా రెయినీ' ఒక్కటే షికాగోలో జరుగుతుంది, మిగతా తొమ్మిదీ పిట్స్‌బర్గ్‌లోనే. ఈ వరసలో రాయలేదు. మొదటి దశాబ్దపు నాటకం, చివరి దశాబ్దపు నాటకం ఆఖర్న రాశారు.

కొన్ని పాత్రలు నాటకం నుంచి నాటకానికి నడిచి వస్తాయి. అందరికన్నా పెద్దది ఆంట్ ఎస్తర్. ఆఫ్రికా నుంచి బందీలను వర్జీనియా తీరానికి తెచ్చిన 1619తో ఆమె వయసు మొదలవుతుంది. 1904లో ఆమెకు 285 ఏళ్లు. 1985లో 366 ఏళ్లకు చనిపోయిందన్న కబురు వస్తుంది. లెక్క వేసి చూడండి, ఒక్క ఏడాది కూడా తప్పదు.

ఏది ముందు చదవాలి?

'ఫెన్సెస్' చదవండి, తర్వాత 'ది పియానో లెసన్'. ఆ రెండూ పట్టుబడ్డాక 'జో టర్నర్స్ కమ్ అండ్ గాన్'. తన నాటకాల్లో తనకు బాగా ఇష్టమైనది అదేనని విల్సన్ చెప్పేవారు. కష్టంగానే ఉంటుంది, ఆగి ఆగి చదవాలి. పైకి చదువుకుంటే సగం కష్టం పోతుంది. ఆ ఇంగ్లిష్ కంటితో చూస్తే తప్పుల తడకలా ఉంటుంది, నోటితో అంటే పాటలా పారుతుంది.

'ఫెన్సెస్'లో అంత గొప్ప ఏముంది?

ట్రాయ్ మాక్సన్ యాభై మూడేళ్ల మనిషి. చెత్త లారీ వెనక వేలాడుతూ డబ్బాలు ఎత్తి పోస్తాడు. తెల్లవాళ్లు లారీ తోలడం, నల్లవాళ్లు చెత్త ఎత్తడం ఏమిటని అడిగి, ఉద్యోగానికే ముప్పు తెచ్చుకుంటాడు. ఒకప్పుడు, నల్ల ఆటగాళ్లకు విడిగా నడిచిన నీగ్రో లీగ్స్‌లో బేస్‌బాల్ అద్భుతంగా ఆడినవాడు. పెద్ద లీగుల్లోకి నల్ల ఆటగాళ్లను రానిచ్చేసరికి అతని వయసు దాటిపోయింది. ఇప్పుడు చిన్న కొడుకు కోరీకి ఫుట్‌బాల్ ఆడి కాలేజీకి వెళ్లే అవకాశం వస్తే, ట్రాయ్ అడ్డం పడతాడు.

తండ్రిది ప్రేమా, అసూయా? నాటకం చదివిన ప్రతిసారీ నా జవాబు మారుతుంది. నేను మీకెందుకు నచ్చలేదు నాన్నా అని కోరీ అడిగే చోటు ఉంది. మన ఇళ్లలోనూ నోటిదాకా వచ్చి ఆగిపోయే ప్రశ్నే అది. ట్రాయ్ కరగడు. నువ్వు నాకు నచ్చాలని ఎక్కడుంది, నీకు తిండి పెట్టడం, నెత్తిన నీడ ఇవ్వడం నా బాధ్యత, ఆ పని చేస్తున్నాను కదా అన్న ధోరణిలో దులిపేస్తాడు. చదువుతుంటే ఒళ్లు మండుతుంది. కొన్ని పేజీలు దాటాక, ఆ మనిషికి తన తండ్రి ఆ తిండి తప్ప ఇంకేమీ ఇవ్వలేదని తెలుస్తుంది. కోపం ఎటు పెట్టుకోవాలో తెలియదు.

భార్య రోజ్ పెరట్లో కంచె కట్టమని అడుగుతూ ఉంటుంది. ఆమెకు కంచె అయినవాళ్లను చేజారకుండా కాపాడుకోవడానికి. ట్రాయ్‌కి మృత్యువును బయటే ఆపడానికి. మొగుడు పరాయి ఆడదానితో సంబంధం బయటపెట్టి, పద్దెనిమిదేళ్లుగా ఒకేచోట నిలబడి ఉన్నానని వాపోయినప్పుడు, నేనూ నీ పక్కనే నిలబడి ఉన్నాను కదా అని ఆమె తిరగబడుతుంది. ఆ ఒక్క సన్నివేశం కోసమైనా ఈ నాటకం చదవాలి.

1987లో బ్రాడ్‌వేలో జేమ్స్ ఎర్ల్ జోన్స్ ట్రాయ్‌గా వేశారు. పులిట్జర్, బ్రాడ్‌వే నాటకాలకు ఇచ్చే టోనీ అవార్డు (ఉత్తమ నాటకంగా) రెండూ వచ్చాయి. మొదటి ఏడాదిలో 1.1 కోట్ల డాలర్లు వసూలై, పాటల్లేని నాటకాల్లో అప్పటికి రికార్డు అయింది.

నాలుగు 'బి'లు అంటే?

తనను తయారుచేసినవి నాలుగు అని విల్సన్ చెప్పేవారు, నాలుగూ బి అక్షరంతో మొదలవుతాయి. బెస్సీ స్మిత్ లాంటివాళ్లు పాడిన నల్లజాతి బ్లూస్ పాటలు, అర్జెంటీనా కథకుడు బోర్హెస్, కవి నాటకకర్త అమిరి బరాకా, చిత్రకారుడు రొమేర్ బేర్డెన్. అందులో పెద్దపీట బ్లూస్‌దే. 'ది పియానో లెసన్' పేరు కూడా బేర్డెన్ బొమ్మదే. 'జో టర్నర్' పుట్టింది కూడా ఆయన గీసిన ఒక సత్రం బొమ్మలోంచి. తల వంచుకుని కూర్చున్న మనిషి ఎవరా అని చూస్తూ కూర్చుంటే నాటకం వచ్చింది.

ఎలా రాసేవారు?

హోటళ్లలో, కాఫీ కొట్లలో, సిగరెట్ల మీద సిగరెట్లు కాలుస్తూ, చేతికందిన కాగితం మీద. ఒకసారి పేపర్ నాప్కిన్ మీద రాస్తుంటే వడ్డించే అమ్మాయి, అది లెక్కలోకి రాదు కాబట్టి నాప్కిన్ మీద రాస్తున్నారా అని అడిగిందట. నిజమే కదా అనిపించింది ఆయనకు. తెల్లకాగితం ముందు వచ్చే టెన్షన్ నాప్కిన్ ముందు రాదు. తొలి ప్రతులు నాలుగైదు గంటల నిడివి ఉండేవి, రిహార్సల్స్‌లో కూర్చుని తగ్గించేవారు.

ఆయన చుట్టూ వివాదాలు ఉన్నాయా?

ఉన్నాయి, కావాలనే తెచ్చుకున్నారు. 'ఫెన్సెస్' సినిమా హక్కులు హాలీవుడ్ కొన్నప్పుడు నల్లజాతి దర్శకుడే తీయాలని పట్టుబట్టారు. 1990లో దాని మీద వ్యాసం కూడా రాశారు. ఆయన బతికుండగా ఆ సినిమా రాలేదు.

1996 జూన్‌లో ప్రిన్స్‌టన్‌లో, నాటకరంగ సంస్థల సమావేశంలో చేసిన ప్రసంగం ఇంకా పెద్ద దుమారం. దేశంలోని 66 ప్రధాన ప్రాంతీయ థియేటర్లలో నల్లజాతివాళ్లది ఒక్కటేనని ఎత్తిచూపారు. తెల్లవాళ్ల నాటకాల్లో నల్ల నటుల్ని పెట్టి ఇదే సమానత్వం అనుకోవద్దు, మా నాటకాలు మేం ఆడుకోవడానికి డబ్బివ్వండి అన్నారు. విమర్శకుడు రాబర్ట్ బ్రస్టీన్ గట్టిగా ఎదురు తిరిగారు. 1997 జనవరిలో న్యూయార్క్ టౌన్ హాల్లో ఇద్దరికీ ముఖాముఖి చర్చే పెట్టారు.

నా మట్టుకు నాకు డబ్బు విషయంలో విల్సన్ వాదన కాదనలేనిది. నటులు ఏ పాత్ర వేయకూడదన్న చోట మాత్రం ఆయనతో పూర్తిగా ఏకీభవించలేను. అయితే తన నాటకాలతో ఆయన ఎంతమంది నల్లజాతి నటులకు నిలబడడానికి చోటిచ్చారో చూశాక, ఆ మాట అనే హక్కు ఆయనకు ఉందని ఒప్పుకుంటాను.

సినిమాలు ఏవి చూడొచ్చు?

'ఫెన్సెస్' (2016), డెంజెల్ వాషింగ్టన్ దర్శకత్వం, ఆయనే ట్రాయ్. రోజ్‌గా వేసిన వయోలా డేవిస్‌కు ఆస్కార్ వచ్చింది. అంతకుముందు 2010లో ఇద్దరూ ఇదే నాటకాన్ని బ్రాడ్‌వేలో ఆడి టోనీలు గెలిచారు. విల్సన్ రాసిపెట్టిన స్క్రీన్‌ప్లేకు ఆయన పోయిన పదకొండేళ్లకు ఆస్కార్ నామినేషన్ దక్కింది. 'మా రెయినీస్ బ్లాక్ బాటమ్' (2020) చాడ్విక్ బోస్‌మన్ చివరి సినిమా. 'ది పియానో లెసన్' 1995లో టీవీకి, 2024లో మళ్లీ సినిమాగా వచ్చింది. దీన్ని డెంజెల్ కొడుకు మాల్కమ్ వాషింగ్టన్ తీశారు.

కుటుంబం, చివరి రోజులు?

మూడు పెళ్లిళ్లు. మొదటి భార్య బ్రెండా బర్టన్, వాళ్ల కూతురు సకీనా. రెండో భార్య జూడీ ఆలివర్. మూడో భార్య కాన్స్టాంజా రొమేరో, నాటకాలకు దుస్తులు రూపొందించే కళాకారిణి, వాళ్ల కూతురు అజూలా. 1990 నుంచి సియాటిల్‌లోనే ఉన్నారు.

పదో నాటకం 'రేడియో గోల్ఫ్' 2005 వసంతంలో యేల్‌లో మొదటిసారి ఆడింది. జూన్‌లో కాలేయ క్యాన్సర్ బయటపడింది, అప్పటికే చేయి దాటిపోయింది. ఆ స్థితిలోనూ నాటకాన్ని తిరగరాస్తూనే ఉన్నారు. అక్టోబర్ 2న వెళ్లిపోయారు. రెండు వారాలకు, అక్టోబర్ 16న, బ్రాడ్‌వేలోని వర్జీనియా థియేటర్‌కు ఆగస్ట్ విల్సన్ థియేటర్ అని పేరు మార్చారు. నల్లజాతి మనిషి పేరు పెట్టుకున్న మొదటి బ్రాడ్‌వే థియేటర్ అది. 'రేడియో గోల్ఫ్' 2007లో బ్రాడ్‌వేకు వచ్చింది, ఆయన చూడలేదు.

పిట్స్‌బర్గ్ వెళ్తే ఏం చూడొచ్చు?

పిట్స్‌బర్గ్ అనగానే మనవాళ్లకు పెన్ హిల్స్‌లోని వెంకటేశ్వరస్వామి గుడి గుర్తొస్తుంది. తూర్పు అమెరికాలో ఉన్న తెలుగువాళ్లు ఎంతోమంది పిల్లల పుట్టువెంట్రుకలకూ, పెళ్లిళ్లకూ అక్కడికి వెళ్లేవాళ్లే. ఈసారి వెళ్లినప్పుడు దర్శనం అయ్యాక ఊళ్లోకి రండి. ఓక్‌లాండ్‌లో కార్నెగీ లైబ్రరీ ఉంది. ఆ పక్కనే పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం లైబ్రరీలో ఆయన రాతప్రతులు, ఉత్తరాలు 450 పైచిలుకు పెట్టెల్లో భద్రంగా ఉన్నాయి. డౌన్‌టౌన్‌లో ఆయన పేరుతో నల్లజాతి సాంస్కృతిక కేంద్రం ఉంది. సమాధి గ్రీన్‌వుడ్ శ్మశానవాటికలో.

బెడ్‌ఫర్డ్ అవెన్యూ ఇల్లు చాలాకాలం పాడుబడి ఉండేది. బాగుచేసి 2022 ఆగస్టులో కళాకేంద్రంగా తెరిచారు. దాని పెరటిని చూడకుండా రావద్దు. 'సెవెన్ గిటార్స్' కథ మొత్తం జరిగేది ఆ పెరట్లోనే. 2016 వేసవిలో, ఇల్లు ఇంకా బాగుపడకముందే, స్థానిక నాటక బృందం ఆ నాటకాన్ని అదే పెరట్లో ఆడింది. అరవయ్యేళ్ల కిందట డైసీ విల్సన్ పిల్లలు ఆడుకున్న మట్టి మీదే జనం కుర్చీలు వేసుకుని కూర్చుని విన్నారు.